రెండో చరణం ఇంకా రాలేదు

పాటకు సినిమా అక్కర్లేదట! హీరో అక్కర్లేదు, వాన అక్కర్లేదు, వెనకాల నలభై మంది ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని ఎగరనక్కర్లేదు. ఒక మనిషి, ఒక గిటారు, కూర్చోడానికి ఓ ఎత్తుపాటి స్టూలు. అంతే సరంజామా. రాసింది ఆ మనిషే, బాణీ కట్టింది ఆ మనిషే, మనకు ఆరడుగుల దూరంలో కూర్చుని మన మొహాలు చూస్తూ పాడేదీ ఆ మనిషే. ఇంత ముఖ్యమైన సంగతి యాభయ్యో పడి దగ్గరపడే దాకా నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదో! చెప్పే ఉంటారు లెండి. నేను ఇల్లు కదిలితేగా వినడానికి.

నేను గడప దాటని బాపతు. ఆఫీసు, కూరగాయల బండి, మందుల షాపు, ఈ మూడూ మినహాయిస్తే దీపాలు పెట్టే వేళ దాటాక నన్ను వీధిలో చూసినవాళ్ళు తక్కువ. శుభలేఖ వస్తే ముందు ముహూర్తం చూస్తాను. రాత్రి ముహూర్తమైతే చదివింపులు ఫోన్‌పేలో వెళ్తాయి, నేను వెళ్ళను. ఎనిమిదింటికి అన్నం, తొమ్మిదింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఘంటసాల, సుశీల, బాలు, నిద్ర. దీన్ని చూసి ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో ఉండటం చేతకానివాళ్ళే బయట తిరుగుతారన్నది నా అభిప్రాయం. ఇప్పుడు చెప్పబోయేదంతా చెప్పాక కూడా ఆ అభిప్రాయం పెద్దగా మారదు.

లా చదువుతున్న మా మేనకోడలు ఓ శుక్రవారం ఫోన్ చేసి, "అత్తా, రేపు సాయంత్రం లామకాన్‌కి వెళ్తున్నాం. నీకూ టికెట్ తీసేశాను" అంది.

"ఏముందే అక్కడ?"

"పాటలు."

"ఎవరి పాటలు? ఇళయరాజావా?"

"కాదు, పాడే అమ్మాయివే."

"అదే, ఏ సినిమాలో పాడింది?"

ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత చంటిపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఏ సినిమాలోనూ పాడలేదత్తా. తను రాసుకున్న పాటలు తనే పాడుతుంది."

తెలియని పాటలు వినడానికి డబ్బులిచ్చి మరీ వెళ్ళడమేమిటి? మన దగ్గర పాటల కార్యక్రమం అంటే తెలిసిన పాట మళ్ళీ వినడం. వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా వాళ్ళు కీబోర్డు మీద మొదటి నాలుగు స్వరాలు వాయించగానే జనం "ఓ" అని అరిచారంటే ఆ రాత్రి గట్టెక్కినట్టే. ఈటీవీలో 1996లో 'పాడుతా తీయగా' మొదలైన నాటి నుంచీ నేను దాని భక్తురాలిని. అక్కడా అంతే కదా, ఎవరో ఎప్పుడో పాడేసిన పాటని ఈ పిల్లలు ఎంత బాగా పాడారన్నదే లెక్క. ఒక్క బాలుగారు మాత్రం రాసిందెవరో, సంగీతం ఎవరిదో గుర్తుచేస్తూ ఉండేవారు. పాట వెనక ఒక చెయ్యి ఉంటుందని నాకు కాస్తో కూస్తో తెలిసిందంటే ఆయన పుణ్యమే.

సరే, టికెట్ డబ్బులు దండగవుతాయన్న ఒక్క బాధతో బయల్దేరాను. తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగి, అక్కడి నుంచి ఆటో. శనివారం సాయంత్రం ఇంతమంది ఎక్కడికి పోతున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

లామకాన్ బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 వైపు, మాల్ దీపాల వెలుగు దాటి ఓ సందులోకి మళ్ళితే వచ్చే పాత ఇల్లు. హసన్ అనే ఫొటోగ్రాఫర్ గారిదట. 2010లో దాన్ని నాటకాలకూ పాటలకూ డాక్యుమెంటరీలకూ వాదోపవాదాలకూ వదిలేశారు. ఇల్లు కదలనిదాన్ని, కదిలి కదిలి మళ్ళీ ఓ ఇంట్లోనే పడ్డాను! చెట్లు, మెట్లు, బంజారాహిల్స్ ఒకప్పుడు గుట్టలేనని గుర్తుచేసే రాయి, కాంటీను, అక్కడ చాయ్, సమోసా. మందు ఉండదు. "మేడమ్, మీ సీటు ఇటు" అనే మనిషి ఉండడు. దొరికిన కుర్చీలో కూర్చోవడమే. వందమందికి లోపే వచ్చారు. సగం మంది మా మేనకోడలి ఈడువాళ్ళు. తక్కినవాళ్ళలో నాలాగా ఎవరో లాక్కొస్తే వచ్చినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళని ఇట్టే పట్టేశాను. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంటారు.

ఎవరో కుర్రాడు వైర్లు సర్దుతూ మైకులో "చెక్, చెక్" అంటున్నాడు. మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్న అమ్మాయి గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్ళి, స్టూలు మీద కూర్చుంది. అదే రంగప్రవేశం. యాంకర్ లేదు, శాలువా లేదు, జ్యోతి ప్రజ్వలన లేదు, ముఖ్య అతిథి గారి రెండు మాటలూ లేవు. ఈ ఒక్క సుగుణంతోనే నా టికెట్ గిట్టుబాటైపోయింది.

ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరేం చేస్తారో నాకు తెలుసు. ఫోన్ తీసి వెతుకుతారు, పావు నిమిషం వింటారు, "బానే ఉంది" అనుకుని వేలితో పైకి తోసేస్తారు. నేను చెప్పేది ఫోన్లో దొరికే సరుకు గురించి కాదు. వరంగల్ పిల్ల, పాతికేళ్ళు దాటి ఉంటాయి, పగలు ఏదో ఆఫీసులో ఉద్యోగం. అంతవరకు చాలు.

వచ్చీ రాగానే పాడలేదు. గిటారు తల దగ్గర బొటనవేలంత యంత్రం ఒకటి తగిలించి, ఒక్కో తీగా మీటుతూ, మర తిప్పుతూ కూర్చుంది. శ్రుతి కుదిరితే దాంట్లో పచ్చ దీపం వెలుగుతుంది. ఆరు తీగలు. కుదిరిందనుకుంటే చలిగాలికి మళ్ళీ తప్పుతోంది. స్టూడియోలో ఈ తంతు ఎవరి కంటా పడదు. ఇక్కడ అందరం ఊపిరి బిగబట్టి ఆ పచ్చ దీపం కోసం చూస్తున్నాం. ఆరో తీగకు వెలగ్గానే నా పక్క కుర్చీ ఆయన చప్పట్లు కొట్టేశాడు. ఆ పిల్ల నవ్వింది. పాట మొదలవకముందే మేమంతా ఓ జట్టు.

ఇంకో పరికరం కూడా చూశాను. కాపో అంటారట, గిటారు మెడ మీద బిగించే క్లిప్పు. దాన్ని ఒక మెట్టు పైకి జరిపితే గిటారు శ్రుతి మొత్తం పెరుగుతుంది, వేళ్ళు మాత్రం పాత పద్ధతిలోనే కదులుతాయి. మన కర్ణాటక కచేరీలో తంబురా ఒకసారి శ్రుతి పట్టిందంటే మంగళం దాకా దానిదే రాజ్యం. ఈ పిల్ల పాటపాటకీ శ్రుతి మార్చేస్తోంది. ఎందుకమ్మా అంటే, పాటలో మాట్లాడేది ఎవరో దాన్నిబట్టి మారుస్తుందట. అమ్మ మాట్లాడే పాటకు పైన, తను మాట్లాడే పాటకు కింద.

మొదటి పాట హాస్టల్లో తెల్లవారుజామున నీళ్ళ మోటారు గురించి. నిజంగానే! పల్లవిలో ఎవరో ఒకరు లేచి మోటారు వెయ్యాలి, చరణంలో ఎవరూ లేవరు. నేను కుర్చీలో సర్దుకునే లోపే అయిపోయింది. రెండోది అమీర్‌పేట పాట. మైత్రీవనం చుట్టుపక్కల గోడలకు వేలాడే బోర్డులు మీరూ చూసే ఉంటారు. ఆ బోర్డుల మీది మాటలు తప్ప ఆ పాటలో ఇంకో మాట లేదు. కోర్ జావా, టెస్టింగ్ టూల్స్, ఫుల్ స్టాక్, డెమో క్లాసు ఉచితం, లేడీస్ హాస్టల్ మూడో అంతస్తు. వీటిని జోలపాట బాణీలో, ఊయల ఊపేంత నిదానంగా పాడింది. జనం మొదట పగలబడి నవ్వారు. "డెమో క్లాసు ఉచితం" రెండోసారి వచ్చేసరికి నవ్వు సగానికి తగ్గింది. మూడోసారికి ఎవరూ నవ్వలేదు. నా ముందు వరుసలో ఒకబ్బాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతనికి ఆ మూడో అంతస్తులు బాగా తెలుసు కాబోలు. కోర్ జావా అంటే ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు, అయినా గొంతు పట్టేసింది. ఇదేం మాయ!

పాటకూ పాటకూ మధ్య మాటలు ఉన్నాయి చూశారూ, అవే సగం కచేరీ. ఒక పాట ముందు చెప్పింది: "ఈ పాటలో 'నేను' అంటే నేను కాదు, మా రూమ్మేటు. ఆమె కూడ వచ్చింది. ఎక్కడ కూసుందో మాత్రం చెప్ప." అంతే, పాట పొడుగునా అందరం ఓ చెవి పాట మీద వేసి, ఓ కన్ను పక్కవాళ్ళ మీద వేశాం. ప్రేమించినవాడి పెళ్ళికి వెళ్ళి, భోజనాల దగ్గర రెండోసారి పూర్ణం వేయించుకున్న అమ్మాయి కథ అది. మా వరుస చివర కూర్చున్న చుడీదార్ అమ్మాయే అయ్యుంటుందని నా అనుమానం. సరిగ్గా పూర్ణం దగ్గర తల దించుకుంది.

ఆ తర్వాత వచ్చిన పాట గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి తీరదు. "మా అమ్మ వాయిస్ మెసేజీల పాట" అంది. అని, పాట ఎత్తుకోకుండా, "మా అమ్మ 'తిన్నవా' అని ఎట్లంటదో చూడుండ్రి" అంటూ గిటారు మీద మూడు స్వరాలు మీటింది. మాట లేదు, ఉత్త తీగలే. కింద మొదలై, పైకి లేచి, చివర కాస్త సాగి, జవాబు కోసం నిలబడే మూడు స్వరాలు. అందరి నోటా ఒక్కసారే "ఆఁ" అని వచ్చింది. అది అచ్చంగా "తిన్నవా"నే! తర్వాత "ఏం కూర" మీటింది. ఆ తర్వాత "సరే, పెట్టేస్త". దాంట్లో ఆఖరి స్వరం దిగిపోయినట్టే దిగిపోయి, ఫోన్ పెట్టేయడం ఇష్టం లేనట్టు మళ్ళీ రవ్వంత లేచింది. ఈ మూడు ముక్కలనూ ఒకదాని వెనక ఒకటి వాయిస్తే పల్లవి బాణీ తయారు. అప్పుడు పాడటం మొదలెట్టింది. వాళ్ళమ్మకు తెలుసో లేదో గాని, ఆ బాణీ కట్టింది వాళ్ళమ్మే.

సినిమా పాటలో ఈ సంగతి జరగదా అంటే, జరిగే వీలు తక్కువ. ఇప్పుడు చాలా పాటలకు బాణీ ముందు పుడుతుంది. సంగీత దర్శకుడు తననాలతోనో ఏవో తాత్కాలికపు మాటలతోనో పాడి పంపిస్తాడు, ఆ కొలతల్లో కవి తన మాటలు ఇమడ్చాలి. గొంతు ఒక ఊళ్ళో, వేణువు ఇంకో ఊళ్ళో, దరువు కంప్యూటర్లో రికార్డయి చివర్లో కలుసుకుంటాయి. ఇన్ని చేతులు మారి కూడా అంత గొప్ప పాటలు వచ్చాయంటే ఆ చేతులకు దండం పెట్టాలి. ఆత్రేయనీ సిరివెన్నెలనీ ఎవరేమన్నా నేను ఊరుకోను. కానీ ఆ పాటలు నా దగ్గరికి ఎప్పుడూ ఒక మొహంతోనే వచ్చాయి. కళ్ళు మూసుకుంటే నాగేశ్వరరావో, శోభన్‌బాబో, వాళ్ళ వెనక ఊటీ కొండో. ఈ "తిన్నవా" పాటకు మొహం లేదు. లేదు కాబట్టే మా అమ్మ వచ్చి కూర్చుంది. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ కాలానికి వాట్సాప్ లేదు, పక్కింటి ఫోన్‌కి చేస్తే పిలుచుకొచ్చేవాళ్ళు. ఆవిడది గోదావరి "తిన్నావా", వరంగల్ దానికన్నా ఇంకొంచెం సాగుతుంది. స్వరాలు మాత్రం అవే మూడు.

సగంలో వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "అమ్మా, బాగా పాడుతున్నావు. ఏదైనా పాత సినిమా పాట ఒకటి వినిపించమ్మా" అన్నారు. మర్యాదగానే అడిగారు. అరగంట క్రితమైతే నేనూ ఆయనతో గొంతు కలిపేదాన్ని. ఆ అమ్మాయి ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "పాత పాటలంటే నాకూ పాణమే సార్. కాని అవి పాడేటోళ్ళు ఊరంత ఉన్నరు. నావి పాడేదాన్ని నేనొక్కదాన్నే" అంది. పెద్దాయన రెండు క్షణాలు ఆలోచించి, "అదీ నిజమే" అని కూర్చున్నారు. ఆ తర్వాత ప్రతి పాటకూ అందరికన్నా గట్టిగా చప్పట్లు ఆయనవే.

ఇంక అసలు విశేషం. చివరికి వచ్చేసరికి ఆ పిల్ల ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి పెట్టుకుంది. తాళం వేసిన ఇంటి పాట. ఇంటివాళ్ళంతా ఊరెళ్ళారు, తాళంచెవి పక్కింటావిడ దగ్గరుంది. పల్లవి అదీ. చరణంలో, మనుషులు లేనప్పుడు ఇల్లు ఏం చేస్తుందో చెబుతుంది. ఫ్రిజ్ తనలో తాను గొణుక్కుంటుంది. సరిగ్గా కట్టని కుళాయి చుక్కలు లెక్కపెడుతుంది. దేవుడి గూట్లో మందారం నల్లబడుతుంది. వద్దన్నా వేసిన పేపర్లు తలుపు కింద నుంచి లోపలికి తొంగిచూస్తాయి. ఇంట్లోనే బతికేదాన్ని, నేను లేనప్పుడు నా ఇల్లు ఏం చేస్తుందన్నది నాకు ఎన్నడూ తట్టని ప్రశ్న. ఆ వేళప్పుడు నా ఇల్లు చీకట్లో ఒక్కతే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. వీధి దీపం వెలుతురు వంటింటి గోడ మీద ఎంతవరకు పడుతుందో కూడా నేను చూడలేదు, ఆ సమయానికి అక్కడ ఎప్పుడూ లైటు వెలుగుతూనే ఉంటుంది మరి. నా ఇంటి గురించి నాకు తెలియని సంగతి ఒకటుందని చెప్పడానికి వరంగల్ నుంచి ఓ పిల్ల రావాల్సి వచ్చింది.

చరణం అయింది, పల్లవి మళ్ళీ వచ్చింది, గిటారు ఆగింది. "గింతే. రెండో చరణం ఇంకా రాలే. తాళం ఎవరు తీస్తరో తెలుస్తలేదు" అంది.

రాకపోవడమేమిటి! నేను విడుదల కాని పాటలు ఎరుగుదును, సినిమా నిడివి ఎక్కువై కోసేసిన పాటలు ఎరుగుదును. పూర్తికాని పాటను ముందు పెట్టుకుని, ఇదిగో ఇక్కడిదాకా వచ్చింది అని చెప్పే మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. పాటలన్నీ పుట్టుకతోనే మూడు చరణాలతో, కోరస్‌తో వస్తాయని మనసులో ఎక్కడో అనుకుంటున్నాను కాబోలు. జనం ఊరుకుంటారా? "ఇంటివాళ్ళే తియ్యాలి" అని ఒకరు, "దొంగ" అని ఒకరు, "ఓనరు, అద్దె కోసం" అని ఇంకొకరు. నవ్వులు. ఆ పిల్ల అన్నీ బుద్ధిగా పుస్తకంలో రాసుకుంది. నాకూ ఒకటి తోచింది గాని అంతమందిలో నోరు పెగల్లేదు.

కార్యక్రమం అయ్యాక ఆ అమ్మాయి ఎక్కడికీ మాయమవలేదు. కాంటీన్ దగ్గరికొచ్చి మాతోపాటే లైన్లో నిలబడి చాయ్ తీసుకుంది. గ్లాసు పట్టుకున్న ఎడమచేతి వేళ్ళు చూశాను. నాలుగు వేళ్ళ కొసలూ గట్టిపడి, ఒక్కోదాని మీద ఉక్కుతీగ గీసిన సన్నటి గీత. మా వీధిలో వీణ నేర్పే టీచరుగారి చూపుడువేలికీ మధ్యవేలికీ ఇలాంటి గాట్లే ఉంటాయి. ఆ చేతిని చూశాక కాస్త ధైర్యం వచ్చి అడిగేశాను.

"అమ్మాయీ, ఆ ఇంట్లో మొక్కలు లేవా?"

"మొక్కలా? ఎందుకు ఆంటీ?"

"ఉంటే నీళ్ళు పోయడానికి పక్కింటావిడ రోజూ తాళం తియ్యాలి కదమ్మా. తాళంచెవి మరెందుకిస్తారు?"

ఆ పిల్ల చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టి నా వంక చూసింది. ఏమీ అనలేదు. సంచీలోంచి పుస్తకం తీసి ఏదో గీకింది. "థ్యాంక్స్ ఆంటీ" అంది. నేను ఇంతకాలం విన్న వేల పాటల్లో ఒక్కదాని విషయంలోనైనా ఎవరూ నా సలహా రాసుకున్న పాపాన పోలేదు.

కాంటీన్ గోడ మీద ఒక క్యూఆర్ కోడ్ అంటించి ఉంది, తోచినంత పంపమని. ఫోన్‌పేలో చదివింపులు పంపడంలో నాకున్న అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. తిరుగు మెట్రోలో మా మేనకోడలు లా పాఠం మొదలుపెట్టింది. సినిమా పాట రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ రాయల్టీలో తమ వాటాను ఎవరికీ వదులుకోనక్కర్లేకుండా చట్టం అండగా నిలబడింది 2012 కాపీరైట్ సవరణ తర్వాతేనట. ఈ పిల్లకు ఆ పేచీ లేదు, తన పాట తనదే. అయితే దాన్ని అచ్చేసి, మోసుకుని, అమ్ముకోవాల్సిందీ తనే. అందుకే పగలు ఉద్యోగం. కొంతమంది ఈ దారినే నడిచి సినిమాల్లోకి వెళ్ళారని కూడా చెప్పింది. 'చౌరస్తా' బ్యాండులో పాడుతూ మొదలైన రామ్ మిరియాల తర్వాత 'డీజే టిల్లు' పాటతో ఊరూవాడా మోగాడు. 2023లో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడిన ఇద్దరిలో ఒకడైన రాహుల్ సిప్లిగంజ్ అంతకు చాలా ముందే తన పాటలు తనే చేసుకుని యూట్యూబులో పెట్టినవాడు. హిందీలో, ఇంగ్లిషులో రాసుకుని పాడే ప్రతీక్ కుహాడ్ పాట ఒకటి 2019లో ఒబామా తన ఇష్టమైన పాటల జాబితాలో వేసుకున్నాడట. నా ఫోన్ లాక్కుని ఇవన్నీ అందులో నింపేసింది. వింటున్నాను, బాగున్నాయి. కానీ ఫోన్లో పచ్చ దీపం కోసం ఎదురుచూడటం ఉండదు.

అసలు ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు కదా అని ఆ రాత్రి పక్క మీద పడుకున్నాక తట్టింది. అన్నమయ్య ఏం చేశాడు? రాశాడు, కట్టాడు, పాడాడు. రామదాసు గోల్కొండ చెరసాల్లో కూర్చుని పాడుకున్నాడు. త్యాగరాజు తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తికి వెళ్తూ పాడాడు, ఆ వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళకు ఆరడుగుల దూరమే అయ్యుంటుంది. వీళ్ళ చరిత్రంతా రాసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు తానూ రాసి, బాణీ కట్టి, పాడిన మనిషే. ఆకాశవాణిలో పనిచేస్తూ లలిత సంగీతాన్ని ఇంటింటికీ పంపారు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు ఆయనకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వంగపండు, గద్దర్ మైదానాల్లో లక్షల మందికి పాడారు గాని వాళ్ళదీ ఇదే పద్ధతి. గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కు 2021లో అకాడమీ అవార్డు వచ్చినప్పుడు నేను పేపర్లో చదివి సంతోషించాను కూడా. ఇంత వరస పెట్టుకుని, పాట అంటే సినిమాలోంచే ఊడిపడాలని ఎప్పుడు నిర్ణయించుకున్నామో మరి. మన పండగల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో, అపార్టుమెంటు సంబరాల్లో ఒక్క పావుగంట, సొంత పాట ఉన్నవాళ్ళకు ఇస్తే కొంపలేం మునగవు. నీళ్ళ మోటారు పాట మా అపార్టుమెంటులో పాడితే వాచ్‌మన్ దగ్గర్నుంచి ప్రెసిడెంటు దాకా అందరికీ అర్థమవుతుంది. ఇద్దరికీ కోపం కూడా వస్తుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాకు తోచిన రెండు ముక్కలు. ముందు వరుస వద్దు, పాడేవాళ్ళ కళ్ళు పదేపదే మన మీద పడి ఇబ్బంది. మూడో వరుస, స్పీకరుకు ఎడంగా. ఫోన్ సంచీలో వెయ్యండి. సమోసా మొదలవకముందే తినెయ్యండి, కరకరలు మెల్లటి పాటలో బాగా వినిపిస్తాయి, నా వెనకాయన నిరూపించాడు. పాట అర్థం కాకపోతే కంగారు పడకండి, తర్వాత చాయ్ దగ్గర అడగొచ్చు. రాసినావిడ అక్కడే ఉంటుంది! ఆత్రేయని అడగాలని నాకు ఎన్ని ప్రశ్నలుండేవో.

నిన్న మా మేనకోడలు ఫోన్ చేసింది.

"అత్తా, ఆ అమ్మాయి మళ్ళీ పాడుతోందట. ఈసారి ఎవరిదో ఇంటి డాబా మీద, ముప్ఫై మందికే. రాత్రి ఎనిమిదిన్నరకి. నీకు భోజనం వేళ కదా, అందుకని నీకు తియ్యలేదు."

"ఎవరడిగారే నీ భోజనం వేళ? ముందు టికెట్ తియ్యి. మొక్కలు పెట్టిందో లేదో చూడాలి."